గాసి తలలో గెడ్డ చప్పుడు

1998, వేసవి చివరి రోజులు. విశాఖపట్నంలో నేను పనిచేసిన ఆసుపత్రిలో క్యాథ్ ల్యాబ్ మొదలై అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. క్యాథ్ ల్యాబ్ అంటే మరేం లేదు. ఎక్స్‌రే యంత్రం కింద మనిషిని పడుకోబెట్టి, తొడ దగ్గరి రక్తనాళంలోంచి క్యాథెటర్ అనే సన్నటి గొట్టాన్ని పైకి పంపి, తెరమీద చూసుకుంటూ లోపలి జబ్బు బాగుచేసే గది. వచ్చేవి ఎక్కువగా గుండె కేసులే. మెదడు కేసు వచ్చిందంటే అందరికీ కొంచెం బెరుకే. ఆ గదికి నేను స్టాఫ్ నర్సుని. సీసం ఏప్రాన్ మోసి మోసి నా నడుం అప్పటికే దెబ్బతింది గాని, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. సిస్టరు గారు ఒక్క కేక వేస్తే మత్తుమందు అక్కర్లేకుండానే పేషెంటు కదలడని టెక్నీషియన్లు నన్ను ఏడిపించేవారు.

అరకు వైపు నుంచి వచ్చే పేషెంట్లని మేం ఇట్టే పోల్చుకునేవాళ్ళం. కిరండోల్ పాసింజరు దిగి నేరుగా ఆసుపత్రికే వచ్చేవారు. బెంచీలు ఖాళీగా ఉన్నా గోడవార గొంతుక్కూచునేవారు. మనం పిలిస్తే తప్ప పలికేవారు కాదు. గాసీ, అతని భార్య సోమెలీ అలాగే వచ్చారు. డుంబ్రిగుడ దగ్గర కొండవాలులో వాళ్ళ ఊరు. గాసికి ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, కొండలెక్కి గట్టిపడ్డ ఒళ్ళు. కాని అతని కుడికన్ను చూస్తే, ఎన్నో చూసినదాన్ని, నాకే ఒళ్ళు జలదరించింది. ఎర్రగా వాచి, రెప్ప సరిగా మూతపడనంతగా ముందుకు పొడుచుకొచ్చేసింది. సోమెలి చీరచెంగు తడిపి దానిమీద అద్దుతూ కూచుంది.

"ఎన్నాళ్ళయిందమ్మా ఇలాగ?" అన్నాను.

"మిరియాలు కోత కాడ్నించీ," అంది సోమెలి.

మిగతా కథ ఆమె నోటినుంచి కూడదీసుకునేసరికి నా డ్యూటీ అయిపోవచ్చింది. ఇద్దరూ అనంతగిరి వైపు కాఫీ తోటలోకి మిరియాల కోతకి కూలికి వెళ్ళారట. అక్కడ సిల్వర్ ఓక్ చెట్లమీదికి మిరియాల తీగలు పాకిస్తారు. చెట్టు నిటారుగా ఉంటుంది, కింద కొమ్మలుండవు. ఒంటి వెదురుగడకి మెట్లు కొట్టి, దాన్నే నిచ్చెనగా ఆనించి ఎక్కుతారు. ఒకరు పైన కోస్తే ఒకరు కింద గడ పట్టుకోవాలి. అది పట్టు తప్పిందో, అంతే సంగతులు. గాసి అక్కణ్ణుంచి పడ్డాడు. తల ఒక పక్క బండకి కొట్టుకుంది. చెవిలోంచి కొంచెం నెత్తురొచ్చి ఆగిపోయింది. లేచి నడిచాడు, మర్నాడు మళ్ళీ పనికి వెళ్ళాడు. కొన్నాళ్ళకి కన్ను ఎర్రబడితే సంతలో మందులిచ్చే ఒకాయన కళ్ళకలక అని చుక్కలు పోశాడు. చుక్కలు అయిపోయాయి. కన్ను ఇంకా పైకి ఉబికింది.

"కింద గడ పట్టుకున్నది నానే," అంది సోమెలి. తల వంచుకునే అంది. "అటేపు నించి ఎవలో పిలిస్తే తల తిప్పినాను. ఇటు సూసేసరికి ఈడు నేలమీద ఉన్నాడు."

గాసి నవ్వడానికి ప్రయత్నించాడు. "ఎన్ని సార్లు సెప్తావే? నా కాలే జారింది," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "సిస్టరమ్మా, కన్ను పోతే పోనీ. తలకాయలో ఈ మోత ఒకటి ఆపిత్తే సాలు. పగలూ రాత్రీ గెడ్డొడ్డున కూకున్నట్టే ఉంటాది. నిద్ర లేదు. మొన్న రైల్లో సొరంగాలొచ్చినప్పుడు మాత్రం, ఆ రైలు మోతకి ఈ మోత ఇనబళ్ళేదు. ఆ కాసేపే నిద్రపోయినాను," అన్నాడు.

"నాకూ ఇనబడతాది," అంది సోమెలి. "కన్ను మూయించి దానిమీద సెవి పెడతాను. గెడ్డే అది. మా పొలం పక్కన పారతాదే, అలాగే."

గెడ్డంటే మా వైపు కొండవాగు. భార్యాభర్తలిద్దరూ ఒక రోగం చప్పుడు కలిసి వింటున్నారంటే నేను నమ్మలేదు. మా డాక్టరు గారు మాత్రం ఆ మాట వినగానే కుర్చీలోంచి లేచారు. ఆయన మద్రాసులోనూ ఆపైన విదేశంలోనూ ఈ మెదడు పని నేర్చుకుని వచ్చినవారు. ఎప్పుడూ నోట్లో ఏలక్కాయ ఉండేది. గాసి మూసిన రెప్పమీద స్టెతస్కోపు పెట్టి విని, గొట్టాలు నా చెవుల్లో పెట్టారు. జుయ్... జుయ్... జుయ్... గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక ఉరవడి. నిజంగానే గెడ్డ. ఆనాటి ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

జబ్బు పేరు కెరోటిడ్ కావర్నస్ ఫిస్టులా. పేరుకేం గాని సంగతి చెప్తాను. మెదడుకి రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని దారిలో కంటిగుంట వెనకనున్న ఒక సిరల మడుగు మధ్యనుంచి పోతుంది. మామూలుగా ఆ మడుగులో రక్తం వేరు, ఈ ధమనిలో ప్రవాహం వేరు, రెండూ కలవవు. తలకి దెబ్బ తగిలి అక్కడ ధమనికి చిల్లు పడితే మెదడుకి పోవలసిన రక్తం ఉరుకుతూ మడుగులో పడుతుంది. ఉండకూడని చోట ఏర్పడ్డ అలాంటి దారినే ఫిస్టులా అంటారు. మడుగు పొంగి కంటిని ముందుకు నెడుతుంది. అలా వదిలేస్తే కంటిచూపు పోతుంది. ఒక్కోసారి మెదడులోనే రక్తం చిమ్ముతుంది. గాసి కుడికంటికి అప్పటికే వేళ్ళు లెక్కపెట్టేపాటి చూపే మిగిలింది.

తలుపు తెరిచినట్టు పుర్రె తెరిచి బాగుచేసే చోటు కాదది. అందుకని డిటాచబుల్ బెలూన్. అంటే గొట్టం కొసన బియ్యపుగింజంత రబ్బరు బుడగ ఉంటుంది. దాన్ని తొడనుంచి మెడమీదుగా పైకి పంపి, కొంచెం ఉబ్బించి వదిలితే, ప్రవాహమే దాన్ని చిల్లులోంచి అవతలికి లాక్కుపోతుంది. అక్కడ పూర్తిగా ఉబ్బించి, చిల్లు మూతపడిందని చూసుకుని, గొట్టాన్ని మెల్లగా లాగితే బుడగ అక్కడే ఊడి ఉండిపోతుంది. ధమని మాత్రం తెరిచే ఉండాలి. అదే అందులో నేర్పు. అది కుదరకపోతే మిగిలేది ఒక్కటే, ధమనినే పూర్తిగా మూసెయ్యడం. రెండో వైపు ధమని మెదడు మొత్తానికీ సరిపెట్టగలిగితే మనిషి నిలబడతాడు. లేకపోతే కాలూ చెయ్యీ పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. మూసే ముందు పరీక్ష చేస్తారు గాని, పూచీ ఎవరూ ఇవ్వలేరు. అప్పుడు మా దగ్గర రెండే బెలూన్లు ఉన్నాయి.

డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి, అన్నీ దాచకుండా చెప్పారు. చివర్న, "బెలూన్‌తో అడ్డం వేసేస్తాం. రక్తం అటు పోదు," అన్నారు.

గాసి భార్యవైపు చూశాడు. "దాన్నడగండి. అది సరే అంటే నానూ సరే."

"ఒద్దు. ఇంటికెల్పోతాం," అంది సోమెలి. లేచి మూట సర్దడం మొదలెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను కోపం దాచుకునే మనిషిని కాను. "ఇంత దూరం వచ్చి ఇదేం పని? మొగుడి కన్ను పోగొట్టుకుంటావా? అక్కడెవరైనా చుక్కలు పోసి నయం చేస్తామన్నారా?" అని నా మామూలు గొంతుతోనే అడిగాను. వార్డంతా ఇటు తిరిగింది. సోమెలి మాత్రం బెదరలేదు.

"సిస్టరమ్మా, నువ్వు సదువుకున్నావు. గెడ్డకి అడ్డేత్తే నీరు ఊరుకుంటాదేటి? పైమడి నిండుతాది, ఇంకోకాడ గట్టు తెంపుతాది. ఇప్పుడు కన్నే కదా ఉబ్బింది. నువ్వు అక్కడ అడ్డేత్తే తలకాయే పగుల్తాది. నా ఏలితో ముద్దరెయ్యమంటారు. ఓపాలి నా సేతిలోంచే పడిపోనాడు. మల్లీ నా సేత్తోనే సంపమంటావా?"

 మొండితనం అనుకున్నాను గాని, ఆమె మాటలో తప్పెక్కడుంది? కొండవాలు మీద మెట్లుమెట్లుగా మళ్ళు కట్టి, పై మడి నీరు కింది మడికి దింపుకుంటూ బతికేవాళ్ళు వాళ్ళు. నీటికి అడ్డు వేస్తే ఏమవుతుందో వాళ్ళకి చెప్పనక్కర్లేదు. అడ్డం వేస్తాం అని మనం అంటే, వాళ్ళ కళ్ళకి కనబడేది తెగిన గట్టు.

నేను గజపతినగరం దగ్గర రైతు ఇంట్లో పుట్టినదాన్ని. చిన్నప్పుడు నాన్నకి చద్దన్నం తీసుకెళ్ళి గట్టుమీద కూచునేదాన్ని. ఆ మూట దగ్గరే సోమెలి పక్కన కూలబడ్డాను.

"ఇలా చూడు. మేం గెడ్డకి అడ్డెయ్యం. గెడ్డ దాని దారిన అది పారాల్సిందే. గట్టుకి పీతకన్నం పడింది. మీ మళ్ళల్లో పీత బొరియ తవ్వితే నీళ్ళన్నీ పక్క మడిలోకి పోవూ? ఆ కన్నం మూస్తాం, అంతే."

ఆమె చేతులు ఆగాయి.

"మరి మీరెలా మూస్తారు పీతకన్నం?" అన్నాను.

గాసి మంచం మీంచి జవాబిచ్చాడు. "నీరు జోరుగా ఉంటే బయట నుంచి మట్టి నిలబడదమ్మా. నీరున్న పక్క గడ్డి సుట్ట సేసి ఒదుల్తాం. నీరే దాన్ని లాక్కెళ్ళి కన్నంలో దూరుస్తాది. దూరినాక తొక్కితే బిగుస్తాది."

"ఆ గడ్డిచుట్టే మా బెలూను," అన్నాను. ఇంతకంటే తేలిగ్గా నాకూ అప్పటిదాకా అర్థం కాలేదు, నిజం చెప్పొద్దూ.

సోమెలి మూట పక్కకి జరిపింది. "సుట్ట పెద్దదైతే కన్నంలో దూరదు. సిన్నదైతే ఆ పక్కకి కొట్టుకుపోతాది," అంది.

"అది చూసుకోవడానికే ఆయన అన్నేళ్ళు చదివింది."

"మరి లోన ఈడి దగ్గర ఎవలుంటారు?"

"నేనుంటాను."

"గెడ్డకి అడ్డెయ్యరు కదా?"

"వెయ్యం," అన్నాను. అంత గట్టిగా అనకూడదని తెలుసు. బెలూన్లు రెండూ పనికిరాకపోతే వెయ్యాల్సి వస్తుందని డాక్టరు గారు ముందే చెప్పారు కదా. కాని ఆ క్షణాన నా నోటికి మరో మాట రాలేదు. సోమెలి బొటనవేలు చాపింది.

మర్నాడు పొద్దున్నే గాసిని టేబుల్ ఎక్కించాం. మా ఏసీకి అతను వణికిపోయాడు. మీ కొండల్లో ఇంతకంటే చలి కదయ్యా అంటే, "ఆ సలికి కుంపటి ఉంటాదమ్మా," అన్నాడు. తొడ దగ్గర మాత్రమే తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చారు. మనిషి మెలకువగానే ఉండాలి, ఎందుకంటే చప్పుడు ఆగిందో లేదో ముందుగా తెలిసేది అతనికే. తల కదపకూడదు, మాట్లాడకూడదు. అందుకని నా చెయ్యి అతని చేతిలో పెట్టాను. మోత వినబడినంతసేపూ దానితోపాటు నొక్కుతూ ఉండమన్నాను. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అన్నిసార్లూ నొక్కాడు మహానుభావుడు. నా వేళ్ళు కమిలిపోయాయి.

డై ఎక్కించగానే తెరమీద రోగం మొత్తం కనబడింది. డై అంటే ఎక్స్‌రేకి నల్లగా కనిపించే మందు. నల్లటి ప్రవాహం మెడలోంచి ఎక్కి, సగం దారిలోనే పక్కకి దూకి, కంటి వెనక చెరువులా నిండిపోయింది. పైకి, మెదడుకి, వెళ్ళేది సన్నటి దారం. "చూశారా సిస్టర్, నీళ్ళన్నీ పక్క మడికే," అన్నారు డాక్టరు గారు. నా పీతకన్నం కథ అప్పటికే వార్డంతా తెలిసిపోయింది.

మొదటి బెలూన్ పంపారు. ధమనిలో కాసేపు తచ్చాడింది. కొంచెం ఉబ్బించారు. ఉన్నట్టుండి ప్రవాహం దాన్ని పట్టుకుంది, చటుక్కున చిల్లులోంచి అవతలికి లాగేసింది. చూస్తున్న మా అందరి ఊపిరీ ఒక్కసారి బయటికొచ్చింది. ఆయన దాన్ని డైతో మెల్లగా నింపుతూ పోయారు, తెరమీద నల్లటి పూసలా ఉబ్బింది. నా చేతిలో నొక్కుడు నెమ్మదించింది, తర్వాత ఆగిపోయింది. గాసి కళ్ళు తిప్పి నావైపు చూశాడు. అతని మొహంలో అలాంటి ఆశ్చర్యం నేను అంతకు ముందు చూడలేదు. ఇంకా పరీక్ష డై ఎక్కించబోతున్నారు. నా చెయ్యి మళ్ళీ నొక్కాడు. ఇంకోసారి. ఇంకోసారి. తెరమీద చూద్దును కదా, నల్లటి పూస లేదు. పడిపోయినప్పుడు విరిగిన ఎముక పలుకు ఒకటి లోపల సూదిలా నిలబడి ఉంది. బెలూన్ దానికి గుచ్చుకుని పగిలింది.

డాక్టరు గారు ఏలక్కాయ నమలడం మానేశారు. "ఒకటే ఉంది సిస్టర్. ఇదీ పగిలితే ధమనినే మూసెయ్యాలి. ముందు ఆవిడకి చెప్పి రండి," అన్నారు.

గాసి చేతిని టెక్నీషియన్ చేతిలో పెట్టి, ఏప్రాన్‌తోనే బయటికి వచ్చాను. నా ఉద్యోగంలో ఆ వరండా అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు. వెయ్యం అని చెప్పినదాన్ని, వెయ్యాల్సి రావచ్చు అని చెప్పడానికి వెళ్తున్నాను. సోమెలి గోడవార గొంతుక్కూచుని ఉంది. నేనూ కూచోబోతే నడుం వంగలేదు. నిలబడే చెప్పాను. గడ్డిచుట్ట ఒకటి రాయి గుచ్చుకుని చిరిగిపోయింది. ఇంకొకటి ఉంది. అదీ నిలవకపోతే గెడ్డకే అడ్డెయ్యాలి. రెండో పక్క గెడ్డ నీరు సరిపోతుందో లేదో ముందు చూసుకునే వేస్తారు. అయినా భయం ఉంది. ఇవన్నీ ఒకటి కూడా దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్నే.

"ఆడేటంటన్నాడు?" అని అడిగింది.

"మోత కాసేపు ఆగిందట. నావైపు చూశాడు."

"ఆగిందా?" అంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అలాగే నా మొహంలోకి చూసి, "ఎల్లమ్మా, బేగి ఎల్లు. ఆడి సెయ్యి ఒగ్గీకు," అంది. మా వైపు బేగి అంటే త్వరగా, ఒగ్గెయ్యడమంటే వదిలెయ్యడం. చెయ్యి వదలకు అంది, అంతే. 

లోపలికి వచ్చి గాసి చెయ్యి మళ్ళీ పట్టుకున్నాను. రెండో బెలూన్‌కి డాక్టరు గారు తొందరపడలేదు. ఆ ఎముక పలుకున్న మూలకి పోనివ్వకుండా, గొట్టం కొసని ముందుకీ వెనక్కీ జరుపుతూ, మడుగులో రెండో పక్కకి తిప్పడానికి చూశారు. వెళ్ళదు. మళ్ళీ వెనక్కి లాగి, గాలి తీసినట్టు కొంచెం తగ్గించి, మళ్ళీ వదిలారు. కాలు మీద కాలు మార్చుకుంటూ నేను నిలబడ్డాను. నాకు తెలిసిన దేవుళ్ళతో పాటు వాళ్ళ కొండదేవతకి కూడా మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆవిడ పేరు తెలీదు గాని, నేనూ గాసి తరఫు మనిషినే కదా, వింటుందిలే అనుకున్నాను. ఎన్నోసారో మరి, బెలూన్ చిల్లు దాటింది. ఈసారి కిందివైపు కూచుంది. చుక్క చుక్కగా నింపారు.

నా చేతిలో నొక్కుడు. నొక్కుడు. సన్నగా ఒకటి. తర్వాత ఏమీ లేదు.

 యంత్రం గుయ్ మంటోంది. నేను గాసి చెయ్యి కేసే చూస్తున్నాను, తెర కేసి చూసే ధైర్యం లేక. చెయ్యి కదల్లేదు. డై ఎక్కించారు. "చూడండి సిస్టర్," అన్నారు డాక్టరు గారు. నల్లటి ప్రవాహం మెడలోంచి ఎక్కి, కంటి వెనక ఎక్కడా ఆగకుండా, మెదడులోకి కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుంది. చెరువు లేదు. గెడ్డ తన దారిన తాను పారుతోంది. ఆయన గొట్టాన్ని మెల్లగా లాగారు. పూస అక్కడే ఉండిపోయింది. నేను ఏడ్చాను. మాస్కులో ఏడిస్తే ముక్కు తుడుచుకోవడానికి కుదరదని ఆ రోజే తెలిసింది.

వార్డుకి తెచ్చాక సోమెలికి సినిమా అంతా చూపిద్దామని మా డాక్టరు గారికి సరదా. ముందటి ఫిల్మూ తర్వాతి ఫిల్మూ పక్కపక్కన పట్టుకుని చూపించారు. ఆమె మర్యాదకి వాటివైపు ఒకసారి చూసింది. తర్వాత గాసి మీదికి వంగి, అతని కన్ను మూయించి, దానిమీద చెవి పెట్టింది. వార్డులో ఎవరో గ్లాసు కింద పెడితే, ఉష్ అని చెయ్యి చూపించింది. చాలాసేపు విన్నది. లేచింది. గెడ్డే ఆగిపోయిందేమోనని మొహం పాలిపోయింది. చటుక్కున వంగి ఈసారి గుండెమీద చెవి పెట్టింది. అక్కడ మోత ఉందని తెలిశాక, అలాగే ఆ గుండెమీదే మొహం పెట్టుకుని భోరున ఏడ్చింది. నిచ్చెన దగ్గర్నించీ దాచుకున్న ఏడుపంతా అది. మేం ఎవరం ఆపలేదు. డాక్టరు గారు ఫిల్ములు కవరులో పెట్టేసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి గొడవ ఇంకోటి. తొడలో గుచ్చిన చోట రక్తం రాకుండా కాలు చాపుకునే పడుకోవాలి. గాసికి మోత లేని నిద్ర పట్టి, లేవగానే అలవాటు కొద్దీ మంచం మీదే గొంతుక్కూచోబోయాడు. నేను చూడబట్టి సరిపోయింది. "కాలు మడిచావంటే కట్టేస్తాను," అని అరిచి, నిజంగానే దుప్పటితో మంచానికి కట్టాను. సోమెలి నవ్వింది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూడ్డం. కన్ను కొద్దికొద్దిగా లోపలికి పోయింది, ఎరుపు తగ్గింది. చూపు పూర్తిగా తిరిగి రాలేదు గాని, చాలావరకు వచ్చింది. ఒక మనిషి ఇద్దరుగా కనబడ్డం తగ్గడానికి కొన్ని నెలలు పట్టింది. "ఇద్దరు సోమెలీలు ఉన్నారు సిస్టరమ్మా, ఒకత్తె తిడతాది, ఒకత్తె ఊరుకుంటాది," అనేవాడు. కావడి మొయ్యొద్దు, చెట్టెక్కొద్దు అని చెప్పి పంపించాం. చెకింగుకి వచ్చినప్పుడల్లా పనసకాయో, అల్లమో మోసుకొచ్చేవారు. మొయ్యొద్దన్నాం కదా అంటే, సోమెలి మోసిందనేవాడు.

తర్వాత కాలం మారింది. ఆ రబ్బరు బెలూన్లు మెల్లగా కనుమరుగైపోయాయి. ప్లాటినం తీగచుట్టలు వచ్చాయి, వాటినే కాయిల్స్ అంటారు. జిగురులాంటి మందులొచ్చాయి, స్టెంట్లొచ్చాయి. తెరలు రంగుల్లోకి మారాయి. ఇప్పుడు చాలామంది పేషెంట్లకి పూర్తి మత్తు ఇచ్చేస్తున్నారు. అదే మంచిది కూడా. నా చెయ్యి ఎవరూ నొక్కరు. అయినా ఆ పాత గది, ఆ వణికించే ఏసీ, ఏలక్కాయ వాసన, వేళ్ళు కమిలిన ఆ పొద్దు గుర్తొస్తే మనసు అటే పోతుంది.

2006లో, నా రిటైర్మెంటుకి కొంచెం ముందు, మా ల్యాబ్ వాళ్ళందరం జీపు కట్టించుకుని అరకు వెళ్ళాం. డుంబ్రిగుడ సంతలో మిరియాలు కుప్పపోసుకుని కూచున్న ఒకావిడ, "ఓలమ్మ, సిస్టరమ్మ కాదా," అంది. సోమెలి. కొంచెం ఒళ్ళు చేసింది. సరుకు పక్కావిడకి అప్పగించి, నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మిగతావాళ్ళు జీపులోనే వెనక వచ్చారు. ఊరిదాకా జీపు రాలేదు, కింద రోడ్డుమీదే ఆగిపోయింది. నేను రొప్పుకుంటూ వాలెక్కాను. మెట్లమళ్ళ పక్కనే గెడ్డ పారుతోంది. నిలబడి విన్నాను. అదే చప్పుడు. ఈసారి భయం వెయ్యలేదు.

ఇప్పుడు వాళ్ళకి సొంత కాఫీ మొక్కలు, సొంత సిల్వర్ ఓక్ చెట్లు, వాటిమీద మిరియాల తీగలు. గాసి ఒంటిగడ నిచ్చెన మీద చెట్టుకి అంటుకుని ఉన్నాడు.  కింద గడ పట్టుకున్నది వాళ్ళ పక్కింటాయన. సోమెలిని చూడగానే అతను పనుందని వెళ్ళిపోయాడు. ఆమె గడ పట్టుకుంది. రెండు చేతులూ, ఒక కాలూ, భుజమూ ఆనించి పట్టుకుంది.

"ఎక్కనిచ్చావా మళ్ళీ?" అన్నాను.

"డాక్టరు బాబు సరే అన్నాకే," అంది. "గడ పట్టుకున్నంతసేపూ నాను ఎటూ సూడను. నిప్పంటుకున్నా సూడను." తర్వాత ఏదో గుర్తొచ్చి, "తట్ట ఇంట్లో ఉండిపోయింది. అమ్మా, ఓపాలి నువ్వు పట్టుకో," అని నా చేతుల్లో గడ పెట్టి వెళ్ళిపోయింది. వద్దు అనేలోపే.

పైన ఆకుల్లోంచి గాసి గొంతు. "కింద ఎవలు?"

"నేనే నాయనా. క్యాథ్ ల్యాబ్ సిస్టర్ని."

ఆకులు కదిలాయి. "ఐతే ఇంకో మెట్టెక్కుతాను," అన్నాడు. వెదురు నా అరచేతుల్లో చిన్నగా అదిరింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ కేసు నాకేం నేర్పిందని అడుగుతారు. పైకి ఎక్కే పని నాది కాదు. అది డాక్టరు గారిది, గొట్టం చివర గింజంత బుడగది. కింద పట్టుకుని నిలబడే పని నాది. మామూలు పనిలా కనబడుతుంది, ఒక్కసారి తల తిప్పేదాకా.

కింద రోడ్డుమీద మా జీపువాడు హారన్ మోగిస్తున్నాడు. మావాళ్ళు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు, టైమైపోతోంది రమ్మని. పిలవనీ. సోమెలి తట్ట తీసుకుని వచ్చేదాకా నేను తల తిప్పలేదు.